నాన్న లేచి నిలబడితే బీపీ 34 పడింది, నాడి 4 మాత్రమే పెరిగింది. ఎందుకు?

ప్రశ్న: నర్సింగ్ మొదటి సంవత్సరం విద్యార్థిని

అందరికీ నమస్కారం. హోమియోస్టాసిస్ నిర్వచనం నాకు నోటికి వచ్చు. బయటి పరిస్థితులు మారుతున్నా శరీరం లోపలి పరిస్థితులను స్థిరంగా నిలుపుకోవడం. పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. పోయిన ఆదివారం మా ఇంట్లో చూసిన దాంతో, ఆ వాక్యం నాకు అర్థం కాకుండానే రాశానని తెలిసింది.

మా నాన్నకు 61 ఏళ్లు. షుగర్ వచ్చి 18 ఏళ్లయింది. రెండు మూడేళ్లుగా అరికాళ్లు తిమ్మిరిగా ఉంటున్నాయి. ఈ మధ్య మంచం మీంచి లేవగానే గోడ పట్టుకుంటున్నారు. "కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, ఒక్క నిమిషం ఆగమ్మా" అంటారు. మాకు కొత్తగా బీపీ చూడటం నేర్పారు కాబట్టి నేనే చూశాను.

పడుకోబెట్టి ఐదు నిమిషాలు ఆగాక 138/82, నాడి 84. నిలబడిన ఒక నిమిషానికి 116/70, నాడి 86. మూడు నిమిషాలకు 104/66, నాడి 88. అంతలో ఆయన తూలబోతే కూర్చోబెట్టేశాను.

తర్వాత నాకు నేను చూసుకున్నాను. పడుకుని 112/72, నాడి 70. నిలబడ్డాక 110/78, నాడి 86.

నేను లేచినప్పుడు నాకేమీ తెలియలేదు. కానీ నా ఒంట్లో ఏదో జరిగింది, ఆయన ఒంట్లో అది జరగలేదు. ఆ ఏదో ఏమిటి? పుస్తకంలో "నెగటివ్ ఫీడ్‌బ్యాక్" అని ఉంది. నెగటివ్ అంటే చెడ్డది కదా, మరి అది శరీరాన్ని కాపాడటం ఏమిటి? ఇంకొకటి, లోపలి పరిస్థితిని నిలబెట్టడం శరీరం స్వభావమైతే నాన్న శరీరం ఎందుకు నిలబెట్టలేకపోతోంది?

బుధవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. మందు చెప్పమని అడగడం లేదు. అర్థం చేసుకోవాలని ఉంది.

జవాబు 1

షుగర్ పేషెంట్ అంటున్నారు కాబట్టి, కళ్లు తిరిగినప్పుడు ఒకసారి గ్లూకోమీటర్‌తో చూడండి. షుగర్ 70 కన్నా తగ్గినా ఇలాగే ఉంటుంది. మా అమ్మకు అదే అయింది.

జవాబు 2: ఫిజియాలజీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన ట్యూటర్

27 ఏళ్లు విద్యార్థులకు ఫిజియాలజీ ప్రాక్టికల్స్ చేయించాను. నువ్వు నా విద్యార్థుల వయసే కాబట్టి "నువ్వు" అంటున్నాను, ఏమీ అనుకోకమ్మా.

బీపీతో పాటు ప్రతిసారీ నాడి కూడా రాసిపెట్టావు. చాలామంది బీపీ రాసి ఊరుకుంటారు. నీ ప్రశ్నకు జవాబు ఆ నాడి అంకెలోనే ఉంది, కాబట్టి ముందు నీకు మెచ్చుకోలు.

మనం నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం ఛాతీలోంచి కిందికి జారి కాళ్లలోని, పొట్టలోని సిరల్లో చేరుతుంది. సిరల గోడలు సులువుగా సాగుతాయి, అందుకే అంత రక్తానికీ చోటు దొరుకుతుంది. గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది, గుండె ఒక్కో దెబ్బకు పంపేదీ తగ్గుతుంది, బీపీ పడుతుంది. ఇంతవరకూ నీకూ మీ నాన్నకూ తేడా లేదు. ఎవరు లేచి నిలబడినా జరిగేది ఇదే.

ఇప్పుడు నీ వేలు దవడ కింద, మెడ పక్కన నాడి తగిలే చోట పెట్టు. అది కెరోటిడ్ ధమని. కాస్త పైన అది రెండుగా చీలుతుంది, ఆ చీలిక దగ్గర గోడ కొంచెం ఉబ్బి ఉంటుంది. దాన్ని కెరోటిడ్ సైనస్ అంటారు. ఆ గోడలో సన్నటి నాడీ తంతువుల, అంటే నరాల పోగుల, కొసలు అల్లుకుని ఉంటాయి. గుండెలోంచి బయల్దేరే బృహద్ధమని వంపులోనూ అలాంటివే ఉన్నాయి. గోడ ఎంత సాగిందన్నది ఒక్కటే వాటికి తెలుస్తుంది. బాగా సాగితే సంకేతాలు దట్టంగా వెళ్తాయి, వదులైతే పలచబడతాయి. కెరోటిడ్ నుంచి 9వ కపాల నాడి (ఇక్కడ నాడి అంటే మణికట్టు దగ్గర కొట్టుకునేది కాదు, మెదడుకు కలిసే నరం), బృహద్ధమని నుంచి 10వ కపాల నాడి ఆ సంకేతాలను మెదడు అడుగున ఉన్న మజ్జాముఖానికి మోసుకెళ్తాయి. (మెడను గట్టిగా నొక్కకు. ముఖ్యంగా పెద్దవాళ్లకు అక్కడ నొక్కి చూడటం ప్రమాదం. నొక్కితే పీడనం పెరిగిందని పొరబడి మజ్జాముఖం గుండెను నెమ్మదింపజేస్తుంది.)

సంకేతాలు పలచబడగానే మజ్జాముఖం రెండు పనులు చేస్తుంది. ఆ రెండూ ఒకే వేగంతో జరగవు. నాడి పెరగడంలో నీ 16కూ మీ నాన్న 4కూ తేడా అక్కడే ఉంది.

మొదటి పని గుండె మీద. గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. గుండె మార్పిడి అయినవాళ్లలో పాత నాడులు తెగి ఉంటాయి కాబట్టి, విశ్రాంతిగా ఉన్నా నాడి 90, 100 దగ్గర ఉంటుంది. నీకు పడుకున్నప్పుడు 70 ఉందంటే, 10వ కపాల నాడి, అదే వేగస్, రోజంతా బ్రేకు నొక్కి పట్టుకుని ఉందన్నమాట. నిలబడగానే మజ్జాముఖం ఆ బ్రేకును వదులు చేస్తుంది. ఒకటి రెండు దెబ్బల్లోనే గుండె వేగం అందుకుంటుంది.

వేగస్ లాంటి నరం గుండెను ఎలా ఆపుతుందనేది చాలాకాలం పెద్ద ప్రశ్నగా ఉండేది. 1921లో ఒట్టో లోవి అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో ఒక ప్రయోగం చేశాడు. మొదటి గుండె వేగస్ నాడికి కరెంటు పెట్టి దాన్ని నెమ్మదింపజేశాడు. ఆ గుండెలో ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు అందించాడు. ఏ నరాన్నీ ముట్టుకోకపోయినా రెండో గుండె కూడా నెమ్మదించింది. అంటే నరం కొస నుంచి ఏదో రసాయనం ద్రవంలోకి దిగింది. అది ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఈ ప్రయోగం గురించి చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది, అందుకే ఇక్కడా చెప్పకుండా ఉండలేకపోయాను.

రెండో పని రక్తనాళాల మీద. వెన్నుపాము నుంచి బయల్దేరే సింపథెటిక్ నాడులు కాళ్లలోని, పొట్టలోని నాళాల గోడల దగ్గర నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. గోడల కండరం బిగుసుకుంటుంది, జారిన రక్తం పైకి తిరిగొస్తుంది. దీనికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొద్ది సెకన్ల ఆలస్యం వల్లే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా గబుక్కున లేస్తే ఒక్కోసారి కళ్లకు చీకట్లు కమ్ముతాయి. అందులోనూ ముందు చూపే ఎందుకు పోతుందంటే, కంటిగుడ్డు లోపల, బీపీ కొలతలోనే చెప్పాలంటే, సుమారు 15 పీడనం ఉంటుంది. కంట్లోకి వెళ్లే రక్తం ఆ పీడనాన్ని కూడా తోసుకుని వెళ్లాలి. అందుకే మెదడు ఇంకా తెలివిగా ఉండగానే చూపు మసకబారుతుంది.

ఇక నెగటివ్ అనే మాట. ఇక్కడ దానికి "వ్యతిరేక దిశ" అని అర్థం. పీడనం కిందికి పోతే శరీరం పైకి లాగుతుంది, పైకి పోతే కిందికి లాగుతుంది. ఒక కర్రను అరచేతి మీద నిటారుగా నిలబెట్టి చూడు. కర్ర ఎటు ఒరిగితే చెయ్యి అటు జరిగి, కర్రను తిరిగి వ్యతిరేక దిశకు తెచ్చి సరిచేస్తుంది. చూసేవాళ్లకు కర్ర కదలనట్టే ఉంటుంది, నీ చెయ్యి మాత్రం క్షణం ఆగదు. హోమియోస్టాసిస్ అనే మాటను 1926లో ఇచ్చిన శాస్త్రవేత్త వాల్టర్ కానన్ "హోమియో" అని కావాలనే పెట్టాడు. దానికి "పోలిన" అని అర్థం. అచ్చంగా ఒకటే అని చెప్పాలంటే "హోమో" అనేవాడు. మీ పుస్తకంలోని "స్థిరంగా" అనే పదం పక్కన పెన్సిల్‌తో ఇది రాసుకో.

మీ నాన్న విషయానికొస్తే, నిలబడిన మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. ఆయనకు 34, 16 పడ్డాయి. కారణం నాడుల్లో ఉందా, బయట ఉందా అని అంచనా వేయడానికి ఒక లెక్క ఉంది. పై అంకె ఎంత పడిందో అందులో కనీసం సగమైనా నాడి పెరగాలి. ఒంట్లో నీరు తగ్గి బీపీ పడినవాళ్లకు గుండె దడదడలాడుతుంది, ఎందుకంటే వాళ్ల నాడులు బాగున్నాయి. మీ నాన్నకు 17 పెరగాల్సింది 4 పెరిగింది. పైగా పడుకున్నప్పుడే 84 ఉంది. ఏళ్ల తరబడి ఉన్న షుగర్ ముందుగా పొడవైన నాడులను దెబ్బతీస్తుంది. అరికాళ్ల తిమ్మిరి అందుకే వచ్చింది. లోపలి అవయవాలకు వెళ్లే నాడుల్లో వేగస్ చాలా పొడవైనది, దాని బ్రేకు కూడా తొందరగానే బలహీనపడుతుంది. ఆ తర్వాత నాళాలను బిగించే నాడులు కూడా దెబ్బతింటే నిలబడినప్పుడు బీపీ పడుతుంది.

కాబట్టి ఆయన శరీరం సరిచేసే స్వభావం కోల్పోలేదు. కర్ర ఒరుగుతోందని కళ్లకు కనిపిస్తోంది, చేతికి ఆ కబురు సరిగ్గా అందడం లేదు. ఇది నా అనుమానం మాత్రమే. బీపీ మాత్రలు, ప్రొస్టేట్ మాత్రలు, నీరు తగ్గడం కూడా ఇలా చేస్తాయి, నాడి పెరగకుండా ఆపే మాత్రలూ ఉన్నాయి. డాక్టర్‌కు మందుల జాబితా మొత్తం చూపించు, ఏదీ సొంతంగా ఆపొద్దు. పైన షుగర్ చూడమన్నవారి సలహా కూడా పాటించు. తేడా ఏమిటంటే, షుగర్ తగ్గితే పడుకున్నా నీరసం పోదు. నిలబడితే వచ్చి పడుకుంటే పోయేది సాధారణంగా రక్తపీడనం సంగతే.

వీలైతే ఒకటి చేసి చూడు. ఆయన్ని కూర్చోబెట్టి ఐదు సెకన్లు ఊపిరి తీసుకుని ఐదు సెకన్లు వదలమను, నిమిషానికి ఆరుసార్లు. నువ్వు మణికట్టు దగ్గర నాడి పట్టుకో. వేగస్ బాగుంటే ఊపిరి తీసుకునేటప్పుడు నాడి వేగమవుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. నీ నాడిని కూడా అలాగే చూసుకో. ల్యాబ్‌లో ఇది ఈసీజీతో చేస్తాం, కానీ తేడా పెద్దదైతే వేలికే తెలిసిపోతుంది.

జవాబు 3: ఫిజియోథెరపిస్ట్

సార్ కారణం చెప్పారు. నేను లేచే పద్ధతి గురించి చెప్తాను, ఎందుకంటే ఇలాంటివాళ్లు పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని నా దగ్గరికి వస్తారు. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

నాడులు నాళాలను బిగించలేకపోతే ఆ పని కొంతవరకు కండరాలతో చేయించవచ్చు. పిక్కల కండరాలు బిగిసినప్పుడల్లా సిరల్లోని రక్తాన్ని పైకి నెడతాయి. సిరల్లో ఉండే కవాటాలు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. అందుకని మీ నాన్నగారు లేచే ముందు పడుకునే పాదాలను పైకీ కిందికీ ఇరవై సార్లు ఆడించాలి. తర్వాత మంచం అంచున కాళ్లు వేలాడేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చోవాలి. నిలబడ్డాక వెంటనే నడవకుండా, ఏదైనా పట్టుకుని మడమలు ఎత్తి దించాలి. కళ్లు మసకబారుతున్నట్టు అనిపిస్తే కాళ్లు ఒకదానికొకటి అడ్డంగా పెట్టి తొడలు, పిరుదులు బిగించాలి. అయినా తగ్గకపోతే సిగ్గుపడకుండా అక్కడే కూర్చోవాలి.

ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన సమయాలు మూడు. పొద్దున్నే లేచేటప్పుడు, కడుపు నిండా తిన్నాక, వేడినీళ్ల స్నానం తర్వాత. తిన్నాక రక్తం పేగుల వైపు ఎక్కువగా వెళ్తుంది, వేడికి చర్మంలోని నాళాలు విప్పారుతాయి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు దీపం వేసుకోమనండి, వీలైతే మంచం పక్కనే ఏర్పాటు చేయండి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

సార్, మేడమ్, ఇద్దరికీ నమస్కారాలు. మీరు చెప్పినవి నాన్నకు చదివి వినిపించాను. "నా తప్పేమీ లేదన్నమాట" అన్నారు. సరిగ్గా నడవడం కూడా రావడం లేదని ఇన్నాళ్లూ ఆయన తనను తానే తిట్టుకుంటున్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఊపిరి పరీక్ష చేశాను. పదిహేను సెకన్లు లెక్కపెట్టే పద్ధతి ఇందులో కుదరలేదు. మణికట్టు మీద వేలు పెట్టి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం గమనించాను. నాకు ఊపిరి వదిలేటప్పుడు ఆ ఎడం స్పష్టంగా పెరుగుతోంది. నాన్నకు గడియారంలా ఒకే తీరుగా ఉంది. ఒకే తీరుగా ఉండటం ఆరోగ్యం అనుకునేదాన్ని.

సార్, ఒక్క సందేహం మిగిలింది. శరీరం ఎప్పుడూ వ్యతిరేక దిశలో లాగి సరిచేస్తుందంటే జ్వరం ఎలా వస్తుంది? 39 డిగ్రీలు ఉన్నప్పుడు చెమట పట్టించి దించాలి కదా? మరి వణికించి ఇంకా పెంచుతుందేం?

జవాబు 2 రాసిన ట్యూటర్

నేను చూసిన బ్యాచ్‌లలో మంచి విద్యార్థులందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడిగారు.

మెదడులోని హైపోథలామస్‌లో ఉష్ణోగ్రతకు ఒక లక్ష్యం ఉంటుంది, సుమారు 37 డిగ్రీలు. చర్మం నుంచి, రక్తం నుంచి వచ్చే సమాచారాన్ని దానితో పోల్చి చూస్తుంది. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు రోగనిరోధక కణాలు వదిలే పదార్థాల వల్ల అక్కడ ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనం తయారవుతుంది. అది లక్ష్యాన్ని 39కి జరుపుతుంది. ఇప్పుడు ఒళ్లు 37 దగ్గరే ఉంది, లక్ష్యం 39. హైపోథలామస్ లెక్కలో నువ్వు రెండు డిగ్రీలు చల్లబడ్డట్టు. అందుకే చర్మంలోని నాళాలు ముడుచుకుంటాయి, కాళ్లూ చేతులూ చల్లబడతాయి, కండరాలు వణుకుతాయి, దుప్పటి కావాలనిపిస్తుంది. ఇదంతా నెగటివ్ ఫీడ్‌బ్యాకే, మారింది లక్ష్యం ఒక్కటే. పారాసిటమాల్ ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గిస్తుంది, లక్ష్యం 37కి దిగుతుంది. అప్పుడు 39 ఉన్న ఒళ్లు వేడెక్కినట్టు లెక్క, అందుకే మాత్ర వేసుకున్న కాసేపటికి చెమటలు పోస్తాయి.

వడదెబ్బలో కథ వేరు. అక్కడ లక్ష్యం 37 దగ్గరే ఉంటుంది. వేడిని బయటికి పంపే శక్తి చాలక ఒళ్లు కాలిపోతుంది. దానికి పారాసిటమాల్ పనిచేయదు, ఒంటిని బయటి నుంచే వెంటనే చల్లబరచాలి. నువ్వు నర్సువి కాబోతున్నావు, ఈ తేడా వల్ల ప్రాణం నిలిచే రోజు వస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

లక్ష్యం జరగడం రక్తపీడనంలోనూ ఉంది. ఏళ్ల తరబడి బీపీ 160 ఉన్నవాళ్లలో కెరోటిడ్ గోడలోని ఆ నాడీ కొసలు 160నే మామూలుగా తీసుకోవడం మొదలుపెడతాయి. అలాంటివాళ్లకు బీపీని ఒక్కసారిగా దించితే, అంకె చక్కగా కనిపిస్తున్నా కళ్లు తిరుగుతాయి. నెమ్మదిగా దించడానికి ఇదీ ఒక కారణం.

నాడి ఒకే తీరుగా ఉండటం గురించి నువ్వు రాసిన మాట సరైనదే. ఆ వయసులో హెచ్చుతగ్గులు నీకంటే తక్కువగానే ఉంటాయి, అయినా బొత్తిగా తెలియకుండా పోకూడదు. బుధవారం డాక్టర్‌కు ఇది కూడా చెప్పు. ఈసీజీతో సరిగ్గా కొలుస్తారు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

బుధవారం వెళ్లొచ్చాం. పడుకున్నప్పుడు, నిలబడినప్పుడు బీపీ మళ్లీ చూశారు, 31 పడింది. ఈసీజీ పెట్టి ఊపిరి పరీక్ష చేశారు. గుండెకు వెళ్లే నాడులు షుగర్ వల్ల దెబ్బతిన్నాయని చెప్పారు. నాన్న వేసుకునే రెండు బీపీ మాత్రల్లో ఒకటి మార్చారు, రెండోదాని డోసు తగ్గించారు. తల వైపు మంచం కాస్త ఎత్తు పెట్టమన్నారు. రెండు వారాల పాటు పొద్దునా సాయంత్రం పడుకుని ఒకసారి, నిలబడి ఒకసారి కొలిచి రాసుకు రమ్మన్నారు, నాడితో సహా.

ఈ రోజు పొద్దున 134 నుంచి 114కి పడింది. మంచం అంచున కూర్చుని పాదాలు ఆడిస్తూ ఇరవై దాకా నాన్నే పైకి లెక్కపెట్టుకున్నారు. నిలబడ్డాక గోడ పట్టుకోలేదు. నేను పక్కనే ఉన్నాను.